గడ్డికి శిలాఫలకం ఉండదు

మా బ్యాచ్ కాలేజీ వదిలి పాతికేళ్లు నిండాయి. ఆ సందర్భంగా కాలేజీకి శాశ్వతంగా గుర్తుండే పని ఏదైనా చేయాలని వాట్సాప్ గ్రూపులో సంక్రాంతి నుంచి చర్చ నడిచింది. మంచినీళ్ల ప్లాంటు అన్నారు. అంతకుముందే రెండు బ్యాచ్‌లు చెరొకటి ఇచ్చాయి, రెండూ మూలన పడ్డాయి. గ్రంథాలయానికి పుస్తకాలు కొందామని నేనన్నాను. దానికి ఎవరూ జవాబు కూడా ఇవ్వలేదు. చివరికి ఒక మిత్రుడు కంప్యూటర్‌లో గీయించిన బొమ్మ ఒకటి పెట్టాడు. మేం ఆడుకున్న మైదానమే అది. కానీ కొత్తగా రంగు వేసిన గోడలా ఒకే పచ్చదనం, తెల్లటి గీతలు, చుట్టూ ఎత్తయిన వల, నాలుగు మూలలా ఫ్లడ్‌లైట్లు. కింద కొటేషన్: అరవై మీటర్ల పొడవు, నలభై మీటర్ల వెడల్పు, ఆర్టిఫిషియల్ టర్ఫ్ (అంటే ప్లాస్టిక్ గడ్డి), నలభై లక్షల చిల్లర. అరగంటలో ఆ బొమ్మ కింద బొటనవేళ్లు బారులు తీరాయి.

నేను మాత్రం "ఇది వద్దు, ఆ డబ్బుతో నిజమైన గడ్డి పెంచుదాం" అని రాశాను. అప్పటి నుంచి గ్రూపులో నా పేరు 'గడ్డి సార్'. "ఎవరైనా వీడికి గట్టిగా గడ్డి పెట్టండి" అని ఒకరు రాస్తే దానికి నాకంటే ఎక్కువ బొటనవేళ్లు వచ్చాయి. అది నిజంగానే బాగుంది, నేనూ నవ్వుకున్నాను.

గ్రూపులో నాలుగు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నేను పెద్ద ఆటగాణ్ని కాదు. కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో రెండేళ్లు ఎడమ వైపు బ్యాక్‌గా ఆడాను, మిగతా ఏడాది బెంచీ మీద కూర్చున్నాను. ఇప్పుడు శనివారం రాత్రుళ్లు హనుమకొండలో గంటకు ఇంత అని అద్దె కట్టి, అదే ప్లాస్టిక్ టర్ఫ్ మీద ఆయాసపడుతుంటాను. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత ఎవరూ నన్ను పట్టించే అవసరం ఉండదు.

ఆ మైదానం ఎవరిది

టర్ఫ్ అనుకూల వాదం వినేటప్పుడు మా మైదానం ఖాళీగా పడి ఉందని అనిపిస్తుంది. పడి లేదు. తెల్లవారుజామున ఐదింటికి వెళ్తే మీకే తెలుస్తుంది. ముందు మఫ్లర్లు కట్టుకున్న నడక బృందం. వాళ్ల వెనక కానిస్టేబుల్ ఉద్యోగాలకు తయారయ్యే కుర్రాళ్లు. 1600 మీటర్ల పరుగుకు మైదానం చుట్టూ ఎన్ని రౌండ్లో లెక్క కట్టి, గోడ మీద బొగ్గుతో రాసిపెట్టారు. ఏడింటికి క్రికెట్. మధ్యాహ్నం ఎవరో కారు నేర్చుకుంటూ ఉంటారు. సాయంత్రం ఫుట్‌బాల్ ఆడేది ఇరవై మంది, అదీ రెండు రాళ్ల మధ్య. బతుకమ్మ తొమ్మిది రోజులూ మైదానం ఆడవాళ్లది. దీపావళికి టపాసుల దుకాణాలు. ఎన్నికలొస్తే సభ, సభ తర్వాత వారం పాటు నేలలో మేకులు.

ఈ మేకుల వల్లే గడ్డి బతకదని మా మిత్రుల వాదం. నిజమే. అయితే టర్ఫ్ వేసి, వల కట్టి, గేటుకు తాళం వేస్తే సభల వాళ్లతో పాటు పరుగెత్తే కుర్రాడు కూడా బయటే ఉంటాడు. ఆ కుర్రాడి గురించి మా గ్రూపులో ఒక్కరూ అడగలేదు. మాలో ఇద్దరు పోలీసు శాఖలోనే ఉన్నారు, ఇదే మైదానంలో పరుగెత్తి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లే.

నేల సంగతి చెప్పాలి. మాది మొరం. మా రోజుల్లోనూ మొరమే. మోకాలు గీసుకుపోతే పీడీ సార్ అయోడిన్ పోసి "ఇదే నీ డిగ్రీ" అనేవారు. కానీ ఉత్తరం మూలన, నీళ్ల ట్యాంకు పొంగి కారే చోట, మంచం పరిచినంత మేర గరిక ఉండేది. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పెట్టలేదు. మ్యాచ్ అయిపోయాక అందరం పోటీపడి ఆ ముక్క మీదే పడుకునేవాళ్లం. వినాయక చవితి పొద్దున చుట్టుపక్కల కాలనీల పిల్లలు కవర్లు పట్టుకుని వచ్చి అక్కడే గరిక తెంపుకుపోయేవారు. మూడు రోజుల్లో మళ్లీ మొలిచేది. పోయిన నెల వెళ్లి చూశాను. ట్యాంకు మారింది, పైపు మారింది, గరిక అక్కడే ఉంది.

ఎండ లేని చోటుకు పుట్టిన వస్తువు

ప్లాస్టిక్ గడ్డి ఎందుకు పుట్టిందో చదివినప్పటి నుంచి నాకు ఈ వ్యవహారం మొత్తం తలకిందులుగా కనిపిస్తోంది. అమెరికాలో హ్యూస్టన్ నగరంలో 1965లో పైకప్పు ఉన్న బేస్‌బాల్ స్టేడియం ఆస్ట్రోడోమ్ తెరిచారు. కప్పులో పారదర్శకమైన పలకలు పెట్టి లోపల నిజమైన గడ్డే పెంచారు. పలకల్లోంచి వచ్చే వెలుగుకు ఎగిరిన బంతి కనిపించడం లేదని ఆటగాళ్లు మొత్తుకుంటే పలకలకు రంగు పూశారు. ఎండ ఆగిపోయింది, గడ్డి చచ్చిపోయింది. చచ్చిన గడ్డికి పచ్చరంగు కొట్టి కూడా ఆడించారట. మరుసటి ఏడాది మోన్‌శాంటో కంపెనీ తయారుచేసిన నైలాను తివాచీ పరిచారు. ఆ స్టేడియం పేరుతోనే దానికి ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు స్థిరపడింది.

అంటే ఎండ చొరబడని గదిలో వేరే దారి లేక పరిచిన చాప అది. ఇంగ్లండులో వాన, చలి, బురద తట్టుకోలేక 1981లో లండన్ క్లబ్బు క్వీన్స్ పార్క్ రేంజర్స్ వేసింది. తర్వాత లూటన్, ఓల్డమ్, ప్రెస్టన్ వేశాయి. బంతి నడుమెత్తు ఎగిరి పడుతుంటే అందరికీ విసుగొచ్చి 1990ల నడిమికి వచ్చేసరికి అన్నీ పీకేశారు. మంచు కురిసే దేశాలకు దాని అవసరం నాకు అర్థమవుతుంది. ఆరు నెలలు నేల గడ్డకట్టే చోట పిల్లలు ఎక్కడ ఆడాలి? కానీ వరంగల్‌లో కొదవ దేనికి? ఎండకా?

ఇక్కడే నాకు భలే నవ్వొచ్చే విషయం ఒకటుంది. ప్రపంచంలో వేడి ప్రాంతాల ఫుట్‌బాల్ మైదానాల్లో ఎక్కువగా వేసే గడ్డి పేరు బెర్ముడా. శాస్త్రీయ నామం సైనోడాన్ డాక్టిలాన్. అది మన గరికే. మనం వినాయకుడికి పెట్టేదే. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్ అనే ఊళ్లో ఈ గరికను ఆఫ్రికాలోని దాని దాయాదితో కలిపి 1960లో టిఫ్‌వే 419 అనే సంకరం విడుదల చేశారు. దానికి విత్తనం కట్టదు, తీగ ముక్కలు నాటుకోవాల్సిందే. మామూలు గరికా అలాగే పాకుతుంది: నేల మీద తీగ, నేల లోపల మరో తీగ, కణుపు కణుపుకూ వేరు. ఎండ ఎంత కాస్తే అంత జోరు. నీడ ఉంటేనే దానికి గిట్టదు.

పరకాల దగ్గర మా ఊళ్లో మా బాపు నలభై ఏళ్లు పత్తి చేలోంచి గరిక పీకాడు. గుంటక తోలినా పోదు, ముక్క మిగిలితే చాలు మళ్లీ పాకుతుంది. ఒకసారి ఒక తీగ లాగి నాకు చూపించాడు. చూపుడు వేలంత ముక్కకు మూడు కణుపులు, ఒక్కో కణుపు కింద దారాల్లా తెల్లటి వేర్లు, వాటికి పట్టుకున్న మట్టి గింజలు. "దీన్ని చంపడం కంటే దీనితో రాజీ పడటం చవక" అన్నాడు. ఇప్పుడు కొడుకు గరిక నాటడానికి చందాలు అడుగుతున్నాడని తెలిసి ఆయన అరుగు మీద కూర్చుని ఎంతసేపు నవ్వాడో!

చెప్పులు విప్పి చూడండి

మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, నేను ఆడే టర్ఫ్ దగ్గరికి పని కట్టుకుని వెళ్లాను. యజమాని పరిచయమే. లోపల ఎవరూ లేరు. ఆ వేళకు ఎవరూ బుక్ చేసుకోరు, ఆయన దీపాలన్నీ రాత్రికే. చెప్పులు విప్పి అడుగు పెట్టాను. నాలుగో అడుగుకే వెనక్కి గెంతాను. పాలిథీన్ పోచల మధ్య పోసిన నల్లటి రబ్బరు నూక, పాత టైర్లను తురిమి చేసినది, పెనం మీద నువ్వుల్లా కాలుతోంది. అక్కడే గేటు పక్కన, పంపు కింద తడిసే గడ్డి మీద నిలబడితే పాదాలకు ప్రాణం లేచొచ్చింది. ఆ రెంటి మధ్య దూరం పది అడుగులు కూడా లేదు.

అమెరికాలో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో 2002లో కొలిచారు. గాలి ఉష్ణోగ్రత 37 డిగ్రీలు ఉన్న రోజున టర్ఫ్ ఉపరితలం 93 డిగ్రీలకు చేరింది. నీళ్లు చల్లితే 29కి దిగి, ఐదు నిమిషాల్లో 49కి, ఇరవై నిమిషాల్లో 73కి ఎక్కేసింది. అక్కడి 37కే అంత అయితే రామగుండం మే నెల ఎండకు ఎంతవుతుందో మీరే ఊహించుకోండి. ఎలాగూ ఎండవేళ ఎవరూ ఆడరు కదా అంటారు. కాలేజీ మైదానంలో ఆటల పీరియడ్ ఎండవేళే ఉంటుంది. మార్చి నెలలో పదకొండింటికి పిల్లల్ని అక్కడికి తోలేది మనమే.

గాయాల సంగతి మాత్రం నేను గట్టిగా వాదించలేను. యూరప్ అగ్రశ్రేణి క్లబ్బుల మీద 2006లో వచ్చిన అధ్యయనం ఒకటి, మొత్తం మీద గాయాల్లో పెద్ద తేడా లేదని, చీలమండ బెణుకులు మాత్రం టర్ఫ్ మీద ఎక్కువని తేల్చింది. మొరం మీద పడిన వాడికి టర్ఫ్ మీద పడటం పట్టు పరుపులా అనిపిస్తుందన్నది నా సొంత అనుభవం. చర్మం ఒరుసుకుపోయే మంట వేరే రకం, అంతే.

నా వాదనకు అసలు దెబ్బ డాక్టర్ల నుంచి రాలేదు. మా మేనకోడలి నుంచి వచ్చింది. తొమ్మిదో తరగతి. ఆదివారం పొద్దున స్నేహితురాళ్లతో టర్ఫ్ అద్దెకు తీసుకుని ఆడుతుంది. మోకాలి మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ చూసి, "చూశావా, ప్లాస్టిక్ ఎలా కాల్చిందో, మైదానంలో ఆడుకోవచ్చు కదా" అన్నాను. అది నన్ను జాలిగా చూసింది. "మైదానంలో మమ్మల్ని ఆడనిస్తారా మామయ్యా? పావుగంటకే అన్నలు వచ్చి పక్కకు జరగమంటారు. ఇక్కడ డబ్బు కట్టాం కాబట్టి మా గంట అయ్యేదాకా ఎవరూ కదిలించరు. వల కూడా ఉంది, బయటివాళ్లు లోపలికి రారు."

ఏ తాళాన్ని నేను తిడుతున్నానో అదే తాళం దానికి రక్షణ. దీనికి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. అందరిదీ అని నేను మురిసిపోయే మైదానం నిజానికి ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లది. ఇన్నేళ్లూ అది నాకు కనిపించకపోవడానికి కారణం, ఆ అరిచేవాళ్లలో నేనూ ఒకణ్ని కావడమే. ఆ రాత్రి నా వాదన పట్టికలో ఒక వాక్యం చేర్చాను: వారంలో మూడు సాయంత్రాలు మైదానం అమ్మాయిలకే, అది బోర్డు మీద రాసి ఉండాలి. బోర్డు మాట ఎవరు వింటారన్నది ఇంకో ప్రశ్న.

ఆడపిల్లల సంగతి వచ్చింది కాబట్టి ఒక్క మాట. 2015లో కెనడాలో జరిగిన మహిళల ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు మొత్తం ప్లాస్టిక్ మీదే ఆడించారు. మగవాళ్ల ప్రపంచ కప్పు ఏనాడూ అలా జరగలేదని, ఇది వివక్ష అని క్రీడాకారిణులు అక్కడి మానవ హక్కుల ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. తీర్పు రాకుండానే 2015 జనవరిలో ఫిర్యాదు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ ఫైనల్ జరిగిన వాంకూవర్ స్టేడియానికే 2026లో మగవాళ్ల ప్రపంచ కప్పు మ్యాచ్‌లు కేటాయిస్తే, ఫిఫా షరతు ప్రకారం అక్కడ నిజమైన గడ్డి వేయాల్సి వచ్చింది. ఆ కప్పుకు ఎంపికైన పదహారు స్టేడియాల్లో సగం ప్లాస్టిక్‌వే. అన్నింటికీ అదే షరతు. పైకప్పు కింద, ఎండ రాని చోట గడ్డిని ఎలా బతికించాలో తేల్చడానికి టెన్నెసీ, మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయాల పరిశోధకుల్ని ఏళ్ల తరబడి పనిలో పెట్టారు. లక్షల డాలర్లు పోసి వాళ్లు గడ్డి వైపు తిరిగి వస్తుంటే, మేం నలభై లక్షలు పోసి ప్లాస్టిక్ వైపు వెళ్తున్నాం.

హాకీని చూసి నేర్చుకోమన్నారు

గ్రూపులో నన్ను నిజంగా ఆలోచింపజేసిన పోస్టు ఒక్కటే. రాసినవాడు కాలేజీ హాకీ కెప్టెన్. "1928 నుంచి ప్రతి ఒలింపిక్స్‌లోనూ పతకం తెచ్చిన దేశం 1976 మాంట్రియల్‌లో ఏడో స్థానానికి పడిపోయింది. ఎందుకు? అక్కడ మొదటిసారి టర్ఫ్ వేశారు, మనం గడ్డి పట్టుకుని వేలాడాం. అంతకుముందు ఏడాదే కౌలాలంపూర్‌లో గడ్డి మీద ప్రపంచ కప్పు గెలిచిన వాళ్లం మనం. నువ్వు చెప్పే గడ్డి ప్రేమే హాకీని ముంచింది."

రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. మాంట్రియల్‌లో మనం ఓడటానికి టర్ఫ్ ఒక్కటే కారణం కాదని వాదించవచ్చు కానీ, అది తప్పించుకోవడమే అవుతుంది. తర్వాత తట్టింది. హాకీలో పైస్థాయి ఆటే టర్ఫ్ మీదికి వెళ్లిపోయింది. కింద గడ్డి మీద, మట్టి మీద నేర్చుకున్నవాడు పైకి వెళ్లి తడబడ్డాడు. ఫుట్‌బాల్‌లో ప్రయాణం ఎదురు దిక్కున సాగుతోంది. కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో కొన్నేళ్లు ప్లాస్టిక్ ఉండేది. 2017 అండర్-17 ప్రపంచ కప్పు కోసం అది పీకి గడ్డి వేశారు. ఆ గడ్డి మీదే ఇంగ్లండ్ 5-2తో స్పెయిన్‌ను ఓడించింది. నెదర్లాండ్స్ అగ్రశ్రేణి లీగులో 2025-26 నుంచి ప్లాస్టిక్ లేదు, స్కాట్లాండ్ క్లబ్బులు 2026-27 నుంచి వద్దని ఓటేశాయి. హాకీ నేర్పిన పాఠం టర్ఫ్ వేయమని కాదు, పెద్ద ఆట ఏ నేల మీద ఆడతారో పిల్లలకు ఆ నేల అలవాటు చేయమని. ఆ పాఠం ప్రకారమే నేను గడ్డి అడుగుతున్నాను.

ఇది రాశాక మా కెప్టెన్ "సరే, ఒక పాయింటు నీది" అన్నాడు. బొటనవేలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

సింథటిక్ అనగానే నేను గుమ్మం దగ్గరే ఆపేస్తానని కూడా అనుకోవద్దు. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ వచ్చాకే 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు మన ఊళ్లో జరిగాయి. పరుగు పందెం అంతటా అలాంటి ట్రాక్ మీదే జరుగుతుంది, కాబట్టి అది సరైన పని. ఆ రోజు ట్రాక్ అంచున నిలబడి చూసినవాళ్లలో నేనూ ఉన్నాను.

నీళ్లు, గంటలు

నీళ్ల విషయంలో నన్ను నిలదీయడం న్యాయమే. మా కొటేషన్‌లో ఉన్న స్థలం 2400 చదరపు మీటర్లు. ఎండాకాలం గడ్డికి రోజుకు ఐదు మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే, చదరపు మీటరుకు ఐదు లీటర్ల చొప్పున పన్నెండు వేల లీటర్లు. పూర్తి ఫుట్‌బాల్ మైదానం, అంటే 105 మీటర్లు పొడవు 68 మీటర్లు వెడల్పు అయితే, ముప్పై అయిదు వేలు దాటుతుంది. ఏప్రిల్‌లో ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టే కాలనీ పక్కన ఇంత నీరు గడ్డికి పోయడం నాకే మింగుడు పడదు.

కానీ గరికకు అంత నీరు పెట్టాల్సింది అది పచ్చగా కనిపించాలని మనం పట్టుబడితేనే. ఏప్రిల్, మే నెలల్లో దాన్ని ఎండిపోనివ్వండి. చావదు, గోధుమరంగులోకి మారి నేలకు అతుక్కుని పడుకుంటుంది. జూన్‌లో రెండు వానలు పడగానే లేస్తుంది. ఎలాగూ అవి కాలేజీ సెలవులే. మిగతా ఏడాదికి హాస్టల్ స్నానాల గదుల నీళ్లు ఉన్నాయి. ఇప్పుడవి మైదానం వెనక మోరీలో కలుస్తున్నాయి. మన మైదానాలు టీవీలో చూపించే మైదానాల్లా ఏడాది పొడవునా పచ్చగా మెరవాలన్న కోరికే మనల్ని ప్లాస్టిక్ వైపు తోస్తోందని నా అనుమానం. ప్లాస్టిక్ ఎప్పుడూ ఎండినట్టు కనిపించదు, అదే దాని మాయ.

గంటల లెక్క నన్ను ఇంకా వేధిస్తుంది. గడ్డి మైదానం వారానికి ఇరవై గంటలు దాటి వాడితే తట్టుకోదు, టర్ఫ్ దానికి రెండు మూడింతలు భరిస్తుంది. వందల మంది పిల్లలున్న కాలేజీకి ఇది చిన్న విషయం కాదు. గోల్ ముందు నేల మొదట బోడి అవుతుంది, తర్వాత మధ్య వృత్తం, తర్వాత అంతా. జవాబుగా నేను చెప్పగలిగింది ఇంతే: మనం ఇప్పుడు ఆడుతున్నది బోడి నేల మీదే. సగం గడ్డి, సగం బోడి అయిన మైదానం కూడా ఇప్పటికంటే మేలే. ప్లాస్టిక్ అలా సగంలో ఉండదు. ఎనిమిది పదేళ్లు నిగనిగలాడుతుంది, అతుకులు ఊడటం మొదలయ్యాక అడుగు పెట్టడమే ప్రమాదం. పీకిన చుట్టలు ఎక్కడ పారేస్తారు? అందులోని రబ్బరు నూక వానకు కొట్టుకుపోయి నాలాలో, నాలా నుంచి చెరువులో కలుస్తుంది. ఇలాంటి నూక అమ్మకాన్ని 2031 నుంచి ఆపేలా యూరోపియన్ యూనియన్ 2023లోనే నిబంధన తెచ్చింది.

నలభై లక్షల వడ్డీ

ఇప్పుడు నా అసలు వాదన. నలభై లక్షలు బ్యాంకులో వేసి, ఏడు శాతం వడ్డీ అనుకుందాం. ఏటా రెండు లక్షల ఎనభై వేలు. నెలకు పదిహేను వేల చొప్పున ఒక మాలికి లక్షా ఎనభై వేలు. మిగిలిన లక్షతో గడ్డి కోసే యంత్రానికి పెట్రోలు, పశువుల ఎరువు, ఇసుక, మోటరు మరమ్మతు. అసలు ముట్టుకోనక్కర్లేదు. మా తర్వాతి బ్యాచ్‌లు ఏటా కొంత కలిపితే జీతం పెంచవచ్చు కూడా. టర్ఫ్ వేస్తే పదేళ్ల తర్వాత నలభై లక్షలూ చెత్తకుప్పలో ఉంటాయి.

ఈ లెక్క పెట్టాక గ్రూపు కాసేపు మౌనంగా ఉంది. తర్వాత డాలస్‌లో ఉండే మిత్రుడు, అందరికంటే ఎక్కువ చందా ప్రకటించినవాడు, అమాయకంగానే అడిగాడు: "మరి మన బ్యాచ్ పేరు ఎక్కడ రాస్తారు?"

నాకు కోపం రాలేదు. అతను ఎవరూ పైకి అనని మాట అన్నాడు. టర్ఫ్‌కు రిబ్బను కట్టవచ్చు, గేటు మీద ఫలకం పెట్టవచ్చు, డ్రోన్‌తో ఫొటో తీయవచ్చు. మాలి జీతానికి రిబ్బను ఎక్కడ కడతాం? మంచినీళ్ల ప్లాంట్లు రెండూ ఇలాగే పోయాయి. యంత్రం కొన్నారు, ఫలకం పెట్టారు, ఫిల్టరు మార్చడానికి ఏడాదికి నాలుగు వేలు ఎవరూ ఇవ్వలేదు. గడ్డికి నీళ్లు పెట్టే మనిషిని పెట్టుకోలేని చోట, టర్ఫ్‌ను వారం వారం బ్రష్షుతో దువ్వి, నూక సరిచేసే మనిషిని పెడతారా? టర్ఫ్‌కు పోషణ అక్కర్లేదన్నది అమ్మేవాళ్లు చెప్పే మాట.

నా లెక్కలోనూ చిల్లులున్నాయి. మాలిని పెడితే ఆయన చేత ఎవరి ఇంటి ముందు మొక్కలకు నీళ్లు పోయిస్తారో మాకందరికీ తెలుసు. వడ్డీ తగ్గుతుంది, ధరలు పెరుగుతాయి. కమిటీలో గొడవలొస్తాయి. ప్లాస్టిక్‌కు ఉన్న ఒకే ఒక సుగుణం, దాన్ని ఎవరూ తమ ఇంటి పనికి పంపలేరు.

మూడు సంచుల గరిక

చివరికి రాజీగా ఒక ప్రయత్నానికి ఒప్పుకున్నారు. ఈ వానాకాలం తూర్పు గోల్ ముందు ఇరవై అడుగుల మేర గరిక నాటి చూడాలి. దసరాకు అది నిలబడితే నా మాట వింటారు, లేకపోతే టర్ఫ్. జూలై మొదటి వారంలో బాపు పొలం గట్ల నుంచి మూడు సంచుల గరిక తీగలు పంపాడు. జీవితంలో మొదటిసారి గరిక ఎవరికో పనికొచ్చిందన్నాడు. కాలేజీలో పాత స్వీపరు ఒకాయన సాయం వచ్చాడు. జానెడు దూరంలో గాళ్లు గీసి, తీగను మూడేసి కణుపుల ముక్కలుగా తెంచి, రెండు కణుపులు మట్టిలో, ఒకటి పైకి ఉండేలా పెట్టి మడమతో నొక్కుకుంటూ పోయాం. చుట్టూ తాడు కట్టి, ఆరు వారాలు ఎవరూ తొక్కవద్దని అట్ట మీద రాసి వేలాడదీశాం.

ఐదో రోజు సాయంత్రం వెళ్లేసరికి తాడు చుట్టచుట్టి గోడ పక్కన ఉంది. పన్నెండు మంది పిల్లలు ఆడుతున్నారు. వాళ్ల గోల్ రాళ్లు సరిగ్గా నేను నాటిన చోటే. కొన్ని ముక్కలకు అప్పుడే సూదిమొనంత పచ్చ పొటమరించింది, మిగతావి బూట్ల కింద నలిగి మొరంలో కలిసిపోయాయి. అరవబోయాను. ఎక్కడ ఆడమని చెప్పను? క్రికెట్ వాళ్లు పడమర వైపు అప్పటికే పిచ్ పరిచి ఉన్నారు. ఇంతలో ఒక పిల్లవాడు పరుగెత్తుకొచ్చి, "సార్, మాకు గోలీ తక్కువయ్యాడు, నిలబడతారా?" అన్నాడు.

"రాళ్లు ఆ పక్కకు జరిపితే నిలబడతాను" అన్నాను. వాళ్లలో వాళ్లు కాసేపు గుసగుసలాడుకున్నారు. అటు వైపు నీళ్లు నిలుస్తాయని ఒకడు, అయినా పర్వాలేదని ఇంకొకడు. చివరికి ఇద్దరు చెరో రాయి ఎత్తుకుని పాతిక అడుగులు దక్షిణానికి నడిచారు. నేను ప్యాంటు మడిచి వాటి మధ్య నిలబడ్డాను. మొదటి బంతే నా కాళ్ల సందులోంచి వెళ్లిపోయింది. దాన్ని తెచ్చిన పిల్లవాడు, తిరిగి వస్తూ, గరిక నాటిన మేర చుట్టూ తిరిగి వచ్చాడు. మిగతావాళ్లు అడ్డంగానే పరుగెత్తారు.